గేరుబాక్సు మొరాయించక మునుపే
(దేవరుప్పులలో ట్రాక్టర్లు, కార్లు నడుపువారి కూటమిలో చేసిన ప్రసంగము)



గేరుబాక్సును గురించి మాట్లాడుమని నన్ను కోరినప్పుడు కొంత సంకోచించితిని. నేను ప్రచారశాఖ ఉద్యోగిని, మెకానిక్కును కాను. అయితే ఇరువది యేండ్లుగా జీపులలో పల్లెలు తిరిగినవాడను. దారిలో బండి నిలిచినప్పుడెల్లను మెకానిక్కు ప్రక్కన కూర్చుండి, అతడు విప్పినదెల్ల చూచి, అడిగి తెలిసికొంటిని. అదియే మీకు మనవి చేయుదును.

నిరుడు వానాకాలమున ఈ ప్రాంతపు రైతు ఒకరి ట్రాక్టరు సరిగా నాట్ల వేళ పనిచెరచినది. గేరు వేయబోయిన గరగరమనును. బలము పెట్టి త్రోసిన పడును. గేర్లు అరిగినవని తలచి, బండిని పట్టణమునకు చేర్చి గేరుబాక్సు విప్పించిరి. తొమ్మిది దినములు అది అచ్చటనే యున్నది. ఇచ్చట నారు ముదిరిపోయినది. అద్దె ట్రాక్టరుకు గంటల లెక్కన రొక్కము చెల్లింపవలసి వచ్చినది. సొంత ట్రాక్టరు అప్పు వాయిదా మాత్రము ఆగలేదు. తుదకు తేలినదేమన, మూలదోషము గేరుబాక్సులో లేదు. క్లచ్చి పెడలు నుండి పోవు కడ్డీ సడలి, క్లచ్చి పూర్తిగా విడుచుట లేదు. రెండు స్పానర్లతో అరగంట పని. అది తెలియక నెలరోజులు గేర్లను బలవంతముగా త్రోయుటచే రెండు పళ్ల అంచులు చిట్లినవి. ఆ ఖర్చు వేరు.

ఇట్లేల జరుగును? బరువు బండితో ఎత్తు ఎక్కునప్పుడు ఎడ్లు చిన్న అడుగులు వేయును. చదును నేలపై అడుగు సాచును. ఇంజనుకు ఆ నేర్పు లేదు. అది ఒక వేగమున తిరుగుచుండగా, చక్రములకు ఒకప్పుడు బలమును, ఒకప్పుడు వేగమును పంచి ఇచ్చునది గేరుబాక్సు. గేరు మార్చునంతసేపు ఇంజనుకును గేర్లకును గల సంబంధమును తెంచునది క్లచ్చి. ఆ తెంపు పూర్తి కానిచో, తిరుగుచున్న పండ్లలోనికి మరొకదానిని దూర్చినట్లగును. కనుక గేరుబాక్సు రోగములలో పెక్కు దాని వెలుపలనే పుట్టును: క్లచ్చిలో, నూనెలో, లేదా నడుపువాని పాదములో.

ఇంటివద్దనే చేయదగిన పరీక్ష ఒకటి గలదు. ఇంజను నడుచుచుండగా క్లచ్చి పూర్తిగా అదిమి, ఐదారు క్షణములు ఆగి, రివర్సు గేరు వేయుడు. గరగరమన్నచో క్లచ్చి విడుచుట లేదని అనుమానింపవలెను. ఇంజను రొద పెంచినను బండి వేగము పెరగకున్నచో క్లచ్చి ప్లేటు జారుచున్నది. గేరు వేయక, పెడలుపై కాలు పెట్టక యున్నప్పుడు వినబడు రొద, పెడలు అదమగానే మాయమైనచో గేరుబాక్సులోని బేరింగును చూపించుడు. అదిమినప్పుడే రొద పుట్టినచో అది క్లచ్చి రిలీజు బేరింగు. ఈ నాలుగు మాటలు మెకానిక్కుకు చెప్పగలిగినచో, అతడు అనవసరముగా పెద్ద పెట్టె విప్పడు. కడ్డీతో గాని తీగతో గాని పనిచేయు క్లచ్చి పెడలుకు చాల బండ్లలో సుమారు అంగుళము ఖాళీ ఆట ఉండవలెను. సరియైన కొలత మీ బండి పుస్తకములో నుండును. ఆ పుస్తకము అలమారలో గాక బండిలో నుండుట మంచిది.

ఇక నూనె. జనగామ ప్రాంతమునకు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి జలము వచ్చిన పిదప మడి పని పెరిగినది. మీరు కరిగెట అనునట్టి ఆ దమ్ము పనిలో ట్రాక్టరు గంటల కొలది బురదనీటిలో తిరుగును. ఆయిలు సీలు అరిగియున్నచో ఆ నీరు లోనికి పోవును. చాల ట్రాక్టర్లలో గేర్లకును, నాగలిని ఎత్తు హైడ్రాలిక్కుకును ఒకే నూనె గనుక నష్టము రెండింతలు. కొలకడ్డీ తీసి చూచినప్పుడు నూనె మజ్జిగ వలె తెల్లబడినచో నీరు కలిసినదని నిశ్చయము. ఒక్క దినమైనను నడుపరాదు. క్రొత్త నూనె పోసి ఊరకుండుట గూడ చాలదు. నీరు వచ్చిన త్రోవను మూయవలెను. నూనెను బండి వెచ్చగా నున్నప్పుడు, చదునైన చోట తీయుడు. అడుగు నట్టుకు అయస్కాంతము ఉన్నచో దానిని వ్రేళ్లతో రుద్ది చూడుడు. నల్లని మెత్తని ముద్ద అయినచో సాధారణపు అరుగుదల. చిన్న ముక్క చేతికి తగిలినచో పన్ను విరిగినది. తీసిన నూనెలో పసుపుపచ్చని మెరుపు కానవచ్చినచో ఇత్తడి రింగులు అరుగుచున్నవి.

ఏ నూనె అయిననేమి అనువారు కలరు. నేను అంగీకరింపను. వెనుక ఇరుసునకు వాడు జి.ఎల్.5 రకపు నూనెలలో కొన్నింటి మందులు కారు గేరుబాక్సులోని ఇత్తడి రింగులను తినివేయగలవు. అందుకే పెక్కు పుస్తకములు అచట జి.ఎల్.4 అని వ్రాయును. ఎక్కువ పోసినను కీడే. నురుగు కట్టి, సీలు దాటి, క్లచ్చి ప్లేటుపై పడును.

ఈ ఇత్తడి రింగుల పనిని చేయు ఏర్పాటును మొదట కార్లలో ప్రవేశపెట్టినది 1928లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీ. 1932లో నిజాము రాష్ట్ర రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైన నాటికి భారీ బండ్ల డ్రైవర్లు గేరు మార్చుటకు క్లచ్చిని రెండు సారులు త్రొక్కెడివారు. 2014లో ఉత్పత్తి ఆగిన అంబాసిడరుకు సైతము తొలినాళ్లలో మొదటి గేరుకు ఈ రింగు లేదు; బండి పూర్తిగా ఆగినగాని వేయరాదు. ఆనాటి డ్రైవర్ల చెవి గేరు ధ్వనిని పోల్చుకొనెడిది. నేడు మన చెవిలో పాటల పెట్టె మ్రోగుచున్నది!

అలవాట్లలో రెండింటిని మాత్రము చెప్పెదను. పెడలుపై పాదము ఆన్చి యుంచుటచే ప్లేటు కాలును, బేరింగు అరుగును. రెండవది ప్రాణముతో కూడినది. డీజిలు మిగులునని పల్లములో న్యూట్రలు చేయుట. నాట్ల కూలీలను ఎక్కించిన ట్రాలీ వెనుక నుండి నెట్టుచుండగా, ఇంజను పట్టు లేని ట్రాక్టరును బ్రేకు ఒక్కటియే ఆపలేకపోవచ్చును. ట్రాలీలో మనుష్యులను ఎక్కించుటయే తప్పు. ఎక్కించి న్యూట్రలు చేయుట ఘోరము.

క్లచ్చి పెడలు లేని కార్లును మన పల్లెలకు వచ్చినవి. వాటి నూనె వేరు, కొలుచు పద్ధతియు వేరు. పుస్తకము చూడక చేయి పెట్టకుడు. చెడిన బండిని త్రాడు కట్టి లాగుకొనిపోవుట గూడ వాటికి హాని చేయవచ్చును.

ఇక మాటలు చాలును. బయట చింతచెట్టు క్రింద ఒక ట్రాక్టరు వెచ్చగానే యున్నది. చక్రములకు రాళ్లు అడ్డముంచి, ఖాళీ డబ్బా సిద్ధపరచినారు. మెకానిక్కు గారు అడుగు నట్టు విప్పెదరు. ముందు వరుస వారు కూర్చుండినచో వెనుకవారికిని కనబడును.