మొదటి తోడు మనిషి



ఇంటికి పదిమందిని పిలిచి, ప్లాస్టిక్ డబ్బాలు చూపించి అమ్మే పని మీలో కొందరు మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ పనికి తోడు కావాలి. ఎవరిని అడుగుతారు?

కాదనలేని వదినను అడగకండి. మొహమాటానికి చేరిన మనిషి సరుకు కొని అటక మీద పెడుతుంది. ఆపైన మీ గడప తొక్కదు.

సరుకు వాడి, బాగుందని తానే నలుగురికి చెప్పిన మనిషిని అడగండి. ముందు రెండిళ్లకు వెంట తీసుకెళ్లండి. మీ లెక్కల పుస్తకం చూపండి. నష్టం దాచకండి.

2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. చేరడానికి ఫీజు తీసుకోకూడదు. ఒప్పందం కాగితం మీద ఉండాలి. మనుషుల్ని చేర్పిస్తే చాలు డబ్బంటే, అది మోసమే.

ఆ కాగితం ఆమె చేతికివ్వండి. తానే చదవనివ్వండి. సంతకం ఆ తర్వాతే.