గ్లాసు నీళ్లలో గోలీ పరీక్ష

వానకాలం వచ్చిందంటే ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు జ్వరాలు మొదలు. ఆ వెంటే ఆదిలాబాద్ ఆకాశవాణికి శ్రోతల ఉత్తరాలు. ఈసారి చాలామంది అడిగింది ఒకటే: గోలీని గ్లాసు నీళ్లలో వేస్తే కరగలేదు, నకిలీదేనా?

ముందుగా ఆ గ్లాసు పక్కన పెట్టండి.

కరీంనగర్‌లో ఒక క్లినిక్‌కు షుగర్ ఉన్న పెద్దామె వచ్చింది. కొంగుముడి విప్పి, ఉబ్బి జిగటగా మారిన తెల్లగోలీని బల్ల మీద పెట్టింది. "రాత్రంత నీళ్లల్ల నానవెట్టిన సారూ, కరుగుతనే లేదు. గందుకే బంద్ జేసిన." డాక్టరు చీటీ చూస్తే మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. గంటల తరబడి కొంచెం కొంచెంగా మందు వదిలేలా చేసిన గోలీ అది. తడి తగిలితే పైన జిగురులా ఉబ్బుతుంది, లోపలి మందు మెల్లగా బయటికి ఊరుతుంది. ఒక్కోసారి మందు అయిపోయిన డొల్ల మలంలోనూ కనబడుతుంది. "గోలీ మంచిగనే ఉన్నదవ్వా, నీ షుగరే మంచిగ లేదు" అన్నారాయన. పక్కనున్న మనవడు "నేను జెప్తే వింటలేదు సార్" అని అందుకున్నాడు. తీరా ఆరా తీస్తే, ఫోన్లో వీడియో చూపించి గోలీని నానబెట్టించింది ఆ పిల్లగాడే! ఆ పూట తిట్లన్నీ అతనికే పడ్డాయి.

2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు అసలు లేనే లేని కంపెనీ పేరుతో అమ్ముతున్న యాంటీబయాటిక్ గోలీలను పట్టుకున్నారు. వాటిలో మందు లేదు, ఉన్నది సుద్దపొడి, స్టార్చ్. నీళ్లు పీల్చి ఉబ్బి గోలీని విడగొట్టడం స్టార్చ్ గుణం. మంచి గోలీల్లోనూ దాన్ని అందుకే కలుపుతారు. అంటే గ్లాసు పరీక్షలో దొంగ గోలీ పాస్, అవ్వ గోలీ ఫెయిల్!

మరి లోపలి సంగతి తేలేదెలా? అణువులను తూచి. మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్ చేసే పని అదే. 2004లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం 'డెసీ' పద్ధతిని వెల్లడించింది. విద్యుదావేశమున్న సన్నటి తుంపరను గోలీ మీద కొడితే, ఎగిరిన చినుకులు అక్కడి అణువులను యంత్రంలోకి మోసుకుపోతాయి. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు గోలీ అంతటా ఇలా వరసగా చేస్తే మందు ఎక్కడుంది, పూత ఎక్కడుంది, ఒకచోటే ముద్దకట్టిందా అన్నది బొమ్మగా కనిపిస్తుంది. పారాసిటమాల్ అణుభారం 151, మలేరియా మందు ఆర్టిసునేట్‌ది 384. ఒకదాని చోట ఇంకొకటి పెడితే దొరికిపోతుంది.

ఆగ్నేయాసియాలో సేకరించిన 391 ఆర్టిసునేట్ నమూనాల్లో దాదాపు సగం నకిలీవని 2008లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. కొన్నిటిలో పారాసిటమాల్ కలిపారు. జ్వరం దిగుతుంది, రోగి నమ్ముతాడు, లోపల మలేరియా అలాగే ఉంటుంది. మన ఏజెన్సీలో ఈ మాట తేలిగ్గా తీసుకోలేం.

కరిగించే పరీక్ష ల్యాబుల్లోనూ ఉంది, కాదనడం లేదు. కానీ అక్కడ 37 డిగ్రీల వేడిలో, గోలీని బట్టి ఎంచుకున్న ద్రవంలో తిప్పుతూ, ఎంతసేపట్లో ఎంత మందు వదిలిందో కొలుస్తారు. చెంచాతో కలిపి చూసేది పరీక్ష కాదు.

అనుమానం వస్తే గోలీని దాని పట్టీలోనే ఉంచి, బిల్లుతో సహా డాక్టరుకో డ్రగ్ ఇన్‌స్పెక్టరుకో చూపించండి. బ్యాచ్ నంబరున్న ముక్కను చించి పారేయొద్దు. నానబెట్టిన గోలీ ల్యాబుకు పనికిరాదు.