పడిన పెద్దలను నిలువబెట్టుట

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహములలోని దుబారాను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై మేము మాటలాడబూనిన విషయము చిన్నదిగ తోపవచ్చును. పడిపోయి మంచమెక్కిన ముసలి తల్లిని, తండ్రిని మరల నిలువబెట్టుట యెట్లనునదియే మా విషయము. కాని యీ కష్టము తమ యింట గాని, తోబుట్టువుల యింట గాని కలుగనివారు ఈ సభలో కొలదిమందియే యుందురని మా నమ్మకము.

కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనరాదని మనవారు సామెత చెప్పుదురు. ఈ సామెతలోని మొదటి సగము పడుచువారికే చెల్లును. డెబ్బదియేండ్లు దాటినవారికి జారిన కాలును తీసికొనుటయు కష్టమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరమున ప్రకటించిన లెక్క ననుసరించి లోకమున ఏటేట 6,84,000 మంది పడుటవలన మరణించుచున్నారు. అందు అరువదియేండ్లు పైబడినవారే హెచ్చు. వృద్ధులు పడుటకు చెట్టును గోడయు నక్కరలేదు. తడిసిన బండ, ఎత్తయిన గడప, అరిగిన చెప్పు, కాలికి తగులుకొనిన పంచె యంచు చాలును.

పడినవెంటనే నలుగురు పరుగెత్తివచ్చి చంకలలో చేతులు వైచి లేవనెత్తుట మనలో వాడుక. అట్లు చేయరాదు. మొదట మాటలాడించి, నొప్పి యెచ్చటనో కనుగొనవలెను. ఒక కాలు రెండవదానికంటె పొట్టిగ కనబడి, పాదము వెలుపలికి తిరిగి, కాలెత్తలేకున్నచో తుంటియొద్ద తొడయెముక విరిగినదని యనుమానించి, కదలింపక 108 బండిని పిలిపింపవలెను. చేయి విరిగినప్పుడు కట్టు కట్టువారిని మనము నమ్ముదుము. పుత్తూరు కట్టు తెలుగునాట ప్రసిద్ధము. కాని తుంటి లోతైన కండల నడుమ నున్నది. బయటి కట్టు దానిని పట్టియుంచజాలదు. పెక్కుమందికి శస్త్రచికిత్సయే శరణ్యము. దేహస్థితి యనుకూలించినచో అది రెండు దినములలోపల జరుగుట మేలు. "ఈ వయసున కత్తి యెందులకు?" అని బంధువులు వారముదినములు చర్చించుచుండగా రోగి బలము దినదినము తరిగిపోవును. తలకు దెబ్బ తగిలినవారి విషయమున మరియొక జాగ్రత్త కలదు. రక్తమును పలుచన చేయు మందులు వాడువారికి విశేషముగ, పడిన కొన్ని వారములకు గూడ తలనొప్పియో, మగతయో, మాట తడబాటో కలుగవచ్చును. పాత దెబ్బయే కదాయని యుపేక్షింపరాదు.

ఇక మా యనుభవమును దాచక చెప్పెదము. ఒప్పు చేసినవాని మాటకంటె తప్పు చేసినవాని మాట యొకప్పుడు హెచ్చుగ నుపకరించును. ఎనుబదియేండ్ల మా తల్లిగారు తెల్లవారుజామున పెరటిలోనికి బోవుచు గడప తగిలి పడిరి. తుంటి విరిగెను. మరునాడే శస్త్రచికిత్స జరిగెను. ఆ మరునాడే వైద్యులు లేపి నాలుగడుగులు నడిపించిరి. ఇంటికి బోయిన పిదపను దినదినము నడిపింపుడని చెప్పి పంపిరి. ఇల్లు చేరిన తోడనే బంధువుల రాక మొదలయ్యెను. వచ్చిన ప్రతివారును "అయ్యో, ఈ వయసున నామెను హింసింపకుడు, హాయిగ పడుకొననిండు" అనిరి. మాకును అదియే ప్రేమయని తోచెను. మూడు వారములు మంచము దింపలేదు. అన్నము మంచముకడకే, నీళ్లు మంచముకడకే. ఆ మూడు వారములలో తొడల కండ కరగెను. నడుము క్రింద చర్మము కమిలి పుండుపడెను. లేవవలెనను తలంపే యామె మనస్సున నడగెను.

ఇంతకంటె పెద్ద తప్పు నోటితో చేసితిమి. "చీకటిలో లేవవద్దని యెన్నిసార్లు చెప్పితిమి? మా మాట వినియున్నచో ఈ తిప్పలుండునా?" అని యొకనాడు విసుగుతో నంటిమి. ఆమె బదులు చెప్పలేదు. ఆనాటినుండి, రాత్రులు దొడ్డికి పోవుటకై మమ్ము లేపవలసివచ్చునను సంకోచముచేత నీళ్లు త్రాగుట తగ్గించినది. ఆ సంగతి మాకు తెలియదు. కొన్ని దినములకు మూత్రదోష మేర్పడి జ్వరము వచ్చెను. రాత్రివేళ మమ్ము గుర్తింపక, ఎప్పుడో గతించిన మా మేనమామను పిలువసాగెను. కొందరు మతి చెడినదనిరి. కొందరు గాలి సోకినదనిరి. వైద్యుడు చూచి, ఇది నీరు చాలక, మూత్రదోషము చేరి కలిగిన తాత్కాలిక భ్రమ యని చెప్పి చికిత్స చేయగా నాలుగు దినములకు తేరుకొనెను. "నీళ్లెందులకు మానితివమ్మా?" యని యడుగగా, "మీకు నిద్ర చెడునని" యనెను. ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది.

ఎముక విరిగి చికిత్స పొందిన వృద్ధులలో ఇట్టి భ్రమ యరుదు గాదు. నొప్పి, మలబద్ధము, నీరు చాలకుండుట, కొన్ని మందులు, కండ్లజోడును వినికిడి యంత్రమును తీసియుంచుట దీనికి కారణములగుచుండును. వెంటనే వైద్యునికి తెలుపవలెను. పగటి వెలుతురు, కండ్లజోడు, కనబడుచోట గడియారము, ప్రక్కన నెరిగిన ముఖము సగము మందు.

పిదప నడక నేర్పుటకై ఫిజియోథెరపీ చదివిన యొక యువతి మా యింటికి వచ్చెను. "పడకముందు ఈమె ప్రతిదినము ఏమి చేయుచుండెను?" అనునది యామె యడిగిన మొదటి ప్రశ్న. తులసికోటకు నీళ్లు పోయుచుండెనని చెప్పితిమి. మంచమునుండి తులసికోటకు ఇరువది యడుగులు. అదియే గమ్యమని యామె నిశ్చయించెను. మొదట మంచపు టంచున కూర్చుండుట, పిదప వాకరు పట్టుకొని నిలుచుట, పిదప రెండడుగులు. నలువది దినములకు మా తల్లిగారు చెంబుతో తులసికి నీరు పోసిరి. నడువుమని మేము మొత్తుకొనినప్పుడు కదలని కాలు తులసి యెండుచున్నదనగానే కదలెను. పడినవారికి విశ్రాంతికంటె ముందు ఒక పని కావలెనని మేమప్పుడు గ్రహించితిమి.

కావున పడినవారున్న యింట పాటింపదగిన కొన్ని విషయములను మనవి చేసెదము. వైద్యుని యనుమతి ననుసరించి లేపి కూర్చుండబెట్టుట, నడిపించుట యొక్కదినమైనను మానరాదు. లేవలేనివారిని రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేచునప్పుడు కొంతసేపు మంచముపై కూర్చుండి పిదప నిలువవలెను. హఠాత్తుగ లేచిన రక్తపుపోటు తగ్గి కండ్లు తిరుగును. చేతికర్ర దెబ్బతగిలిన కాలి వైపున గాక, రెండవవైపు చేత పట్టవలెను. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు నొప్పికాలు ముందు. తుంటికి లోహపు గుండు వేసినవారు వైద్యుడు చెప్పువరకు పీటపై గాని నేలపై గాని కూర్చుండరాదు.

పత్యమను పేర జావనీళ్లతో సరిపెట్టుట మనలోని మరియొక పొరబాటు. కండ మరల పట్టుటకు మాంసకృత్తులు కావలెను. దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు గ్రామునకు తక్కువ గాకుండ నుండవలెను. ఏబది కిలోల తల్లికి ఏబది గ్రాములన్నమాట. పప్పు, పాలు, పెరుగు, తినువారికి గ్రుడ్లు, చేపలు దండిగ పెట్టవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని యడిగి తినవలెను. నిలుచున్నచోటునుండి పడినంతనే యెముక విరిగినదనగా నెముకయే గుల్లబారినదని యర్థము. విరిగినది యతికినంతమాత్రమున పని తీరలేదు. ఎముకల బలమునకు మందు వేరుగ కలదు. అది యడిగి వ్రాయించుకొనవలెను. నిద్రమాత్రలు, రక్తపుపోటు మందులు మొదలగు వానినన్నిటిని వైద్యుని ముందుంచి, తూలు కలిగించునది యేదియో విచారింపవలెను. స్నానపుగదిలో పట్టుకొనుటకు గోడకొక కడ్డీ, మంచమునుండి దొడ్డివరకు రాత్రి దీపము, చేతికందుచోట నొక గంట యుండవలెను. గంట మ్రోగినప్పుడు విసుగులేని ముఖముతో లేచుట యన్నిటికంటె ముఖ్యము.

ఇప్పుడు మన కుటుంబ మర్యాదను గూర్చి రెండు మాటలు. అన్నదమ్ములు తల్లిదండ్రులను నెలకొక యింట వంతులవారీగ నుంచుకొనుట మనలో పెక్కుచోట్ల కలదు. దేహము బాగున్ననాడు దాని మంచిచెడ్డల నెట్లెంచినను, పడి లేచుచున్నవారికి మాత్రమిది యపాయకరము. క్రొత్త యింట గడప యెచ్చటనో, రాత్రి దొడ్డి యెటువైపుననో తెలియక మరల పడుదురు. నడక కుదిరి, భయము తీరువరకు వారున్నచోటనే యుండనిచ్చి, తక్కిన కుమారులే వంతుకు వచ్చి సేవ చేయవలెను. తల్లిని త్రిప్పుటకంటె మనము తిరుగుట న్యాయము గదా!

సేవ యనగా కోడలి పనియేయని యెంచుట యింకొక యన్యాయము. రాత్రింబగళ్లు ఒక్కతెయే చేసినచో రెండవ రోగి తయారగును. వారమున కొకదినమైన నామెకు పూర్ణవిశ్రాంతి నీయవలెను. దూరదేశములనున్న కుమారులు ధనము పంపుట మంచిదే. కాని ఫోనులో వదినెగారిని లెక్కలడుగుటకు మారుగా ప్రతిదినము నొక నియతకాలమున తల్లితో మాటలాడి, నేడెన్నడుగులు నడచితివని యడిగినచో నది ధనముకంటె బలమిచ్చును.

పిల్లలు పోషింపనిచో 2007వ సంవత్సరపు చట్టము క్రింద తల్లిదండ్రులు పోషణము కోరవచ్చును. వృద్ధుల సహాయమునకై 14567 అను ఫోను సంఖ్య కలదు. డెబ్బదియేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స 2024 అక్టోబరున ఏర్పాటైనది. ఆ కార్డులను మన పెద్దలకు ముందుగనే తీయించిపెట్టుట సంఘ యువకులు చేయదగిన సేవ. చట్టము అన్నము పెట్టింపగలదు గాని చేయి పట్టి నడిపింపజాలదు. ఆ పని మనదే.

కావున సభవారికి మా విన్నపము. ప్రతి జిల్లాలోను సంఘమువారి గది యొకటి ప్రత్యేకించి, అందు వాకర్లు, చక్రముల కుర్చీలు, దొడ్డి కుర్చీలు, గాలిపరుపులు కొని యుంచవలెను. అక్కర తీరినవారు తమ యింట మూలబడియున్న వానిని తెచ్చి యీయవలెను. బీదవారికి ఉచితముగ నెరవిచ్చి, పని తీరిన పిదప శుభ్రపరచి మరియొకరికీయవచ్చును. తల్లిదండ్రుల పేర సత్రమున గది కట్టించి శిలాఫలకము నిలుపు పోషకులకు నమస్కారములు. అదే పేర నొక వాకరు నిచ్చినచో ఆ పేరు గోడపై నిలువక, ఇల్లిల్లు తిరుగుచు పడినవారిని లేపును. మా తల్లిగారి వాకరుతోనే యీ పనికి ప్రారంభము చేయుచున్నాము. దానిని నేడు కార్యదర్శిగారి కొప్పగించితిమి.

సోదరులారా! మన పెద్దల కాలు జారినప్పుడు మన నోరు జారకుండుగాక. జారిన కాలును ఓపికతో, తిండితో, నడకతో తీసికొనవచ్చును. మేమాడిన మాటను మాత్రము మేము నేటికిని తీసికొనలేకున్నాము. ఇంత చెప్పుటకు దాని కారణము.