చేతులు బాగుంటేనే సేద్యం

(మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలు కార్డులు మన సభల్లో ఎప్పుడూ ఉండే మాటలే. ఈ రోజు మాత్రం చేతుల గురించి మాట్లాడదామని వచ్చాం. ఇదేం సమస్య అని తీసిపారేయకండి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో అరచేతులు పగిలినవాళ్లున్నారు. వేళ్ల మీద పొట్టు లేస్తున్నవాళ్లున్నారు. ఎవరైనా చూస్తారేమోనని చేయి కండువా కింద పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఇబ్బంది పెట్టడం మా ఉద్దేశం కాదు. మా ఇంట్లో ఆరేళ్లు ఈ బాధ పడ్డాం గనుక చెబుతున్నాం.

మాది వాన మీద ఆధారపడిన భూమి. ఖరీఫ్‌లో వేరుశనగ, బోరు కింద కొంచెం టమాటా, రెండు ఆవులు. కాయలు వలవడం, విత్తనానికి మందు పట్టించడం, పాలు పిండడం, గిన్నెలు తోమడం అంతా మా ఇంటావిడ చేతుల మీదుగానే జరుగుతుంది. ఒక ఏడు విత్తనం వేసిన వారానికి ఆమె వేళ్ల పక్కన చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. ఒకటే దురద. గోకితే రసి కారింది. ఆరిన తర్వాత చర్మం మందమై నిలువునా చీలింది. సంగటి ముద్ద చేత్తో పట్టలేక చెంచాతో తిన్న రోజులున్నాయి. అంటుకుంటుందేమోనని పాలు పోయించుకునే ఇల్లు ఒకటి మానేసింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. మేము మాత్రం ధరల మీద ధర్నా ఉందని బయలుదేరి వెళ్లాం. ఈ మాట ఒప్పుకోవాలి.

మందుల షాపుకు వెళ్లి "తామర" అన్నాం. ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో దురద పోయింది, వారంలో చేయి తేటపడింది. మానేసిన పది రోజులకు ముందుకన్నా ఎక్కువగా వచ్చింది. మళ్లీ ట్యూబు. ఇలా ఎన్ని ట్యూబులు పిండామో లెక్కలేదు. చివరికి చర్మం పలచబడి, గిన్నె అంచు తగిలినా రక్తం వచ్చేది.

తప్పు పేరులోనే మొదలైంది. మన ఊళ్లలో దురద పెట్టే ప్రతిదాన్నీ తామర అంటాం, లేకపోతే గజ్జి అంటాం. నిజానికి మూడూ వేరు. తామర బూజు వల్ల వస్తుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉండి పాకుతుంది. గజ్జి కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. రాత్రిపూట దురద ఎక్కువ, ఇంట్లో నలుగురికీ పాకుతుంది. ఎగ్జిమా ఈ రెండూ కాదు. చర్మం దేనికో ఓర్వలేక వాచి, పొక్కి, పగలడం అది. ఎవరికీ అంటుకోదు. ఆ చేత్తో పిండిన పాలు తాగవచ్చు, ఆ చేయి పట్టుకోవచ్చు. ఒక్క చేతికే వస్తే బూజు కావచ్చునని కూడా అనుమానించాలి. కొంచెం పొట్టు గీరి మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది.

ఆ ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు కలిపి ఉంటాయి: బూజుకు ఒకటి, చీముకు ఒకటి, వాటితో పాటు క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్. తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద అణిగి బూజు లోలోపల పెరుగుతుంది. ఎగ్జిమాకు స్టెరాయిడ్ పనిచేసే మందే. కానీ ఎంత గట్టిది, ఎన్ని రోజులు, ఎలా తగ్గించుకుంటూ రావాలి అన్నది డాక్టరు చెప్పాలి. 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. మన దగ్గర ఆ చీటీ అడిగిన షాపును మేము చూడలేదు.

ఆరో ఏడు పెద్దాసుపత్రిలో చర్మ విభాగానికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఏ ట్యూబు రాశారని ముందు అడగలేదు. "అమ్మా, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఈ చేతులతో ఏమేం చేస్తావు?" అని అడిగింది. ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, మాతో సహా. తర్వాత ప్యాచ్ టెస్టు చేశారు. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న చుక్కలుగా పట్టీల మీద పెట్టి వీపుకు అంటిస్తారు. రెండు రోజులు వీపు తడవకూడదు. పట్టీలు తీసి ఒకసారి, ఇంకో రెండు రోజులకు మరోసారి చూస్తారు. ఎక్కడ ఎర్రబడి పొక్కితే అది పడలేదని అర్థం.

ఆమెకు పొక్కింది థైరమ్ జాతి రసాయనాల దగ్గర. వేరుశనగ విత్తనానికి మనం పట్టించే థైరమ్ పొడే. వట్టి చేతులతో గోనెసంచి మీద కలిపేది గదా! ఇంకో సంగతి విన్నాక మాకు నోట మాట రాలేదు. రబ్బరు గట్టిపడడానికి కలిపే రసాయనాల్లోనూ ఆ జాతివి ఉంటాయట. చేతులు కాపాడుకొమ్మని మేమే రబ్బరు గ్లౌజులు కొనిచ్చాం. వేసుకుంటే మంట ఎక్కువవుతోందని ఆమె తీసేస్తే "చెప్పిన మాట వినవు" అని మేమే కోప్పడ్డాం. తప్పు ఆమెది కాదు, గ్లౌజుది. ఇప్పుడు పీవీసీ ప్లాస్టిక్ గ్లౌజు లోపల నూలు గ్లౌజు వేసుకుంటోంది.

అందరికీ ఇదే కారణం కాదు. వయ్యారిభామ పీకేవాళ్లకు ఆ మొక్కే పడకపోవచ్చు. 1950లలో పుణె దగ్గర కనపడిన ఆ కలుపు ఇవాళ ప్రతి గట్టు మీదా ఉంది. దాని పొడి గాలిలో వచ్చినా ముఖం, మెడ, చేతులు పొక్కుతాయి. పలాస వైపు జీడిగింజలు కొట్టేవాళ్లకు తొక్కలోని నూనె చేతులు కాలుస్తుంది. సిమెంటు పనికి వెళ్లేవాళ్లకు అందులోని క్రోమియం పడదు. చాలామందికి ఏ ఒక్కటీ కాదు, రోజంతా నీళ్లు, సబ్బు, బట్టల పొడి, మట్టి కలిసి చర్మంలోని జిడ్డును లాగేస్తాయి. పురుగుమందు డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంటే ఏమీ కాదనుకుంటాం. ఆ రంగు మనిషి ప్రాణానికి ఎంత ప్రమాదమో చెప్పేది, చర్మానికి పడుతుందో లేదో చెప్పేది కాదు. మాంకోజెబ్‌కు ఆకుపచ్చ త్రికోణమే, అయినా అది చాలామంది చేతులకు పడదు.

ఇక ఏం చేయాలి? మాకు పనికొచ్చినవి చెబుతాం. పని నుంచి రాగానే గోరువెచ్చని నీళ్లతో కడగండి. డీజిలు, కిరోసిన్, బట్టల సబ్బు వద్దు. మెత్తని గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వ్యాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ పట్టించండి. రోజుకు ఒకసారి కాదు, చేయి కడిగిన ప్రతిసారీ. రాత్రి మందంగా రాసి పాత నూలు గ్లౌజు వేసుకుని పడుకోండి. గ్లౌజు లోపల చెమట పడితే తీసి ఆరనివ్వండి. ఉంగరం తీసేయండి, దాని కింద సబ్బు నిలుస్తుంది. వెల్లుల్లి, నిమ్మరసం, బ్యాటరీ నీళ్లు, నల్లజీడి రాయకండి. అవి చర్మాన్ని ఇంకా కాలుస్తాయి. చీము, జ్వరం, చేయి వాపు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పూతమందుకు లొంగకపోతే కాంతి చికిత్స ఉంది, అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలు ఉన్నాయి. అవి రక్తపరీక్షలు చేయిస్తూ డాక్టరు కనుసన్నలోనే వాడాలి. గర్భిణులు, పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

పైకి నయమైందని వెంటనే పాత పనికి వెళ్లకండి. చర్మం మళ్లీ గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఇక్కడే అసలు చిక్కు. డాక్టరు "చేతులకు విశ్రాంతి ఇవ్వండి" అంటాడు. జూన్‌లో వాన పడితే ఎవరి చేతులు విశ్రాంతి తీసుకుంటాయి? కూలికి పోకపోతే ఆ వారం గడవదు. అందుకే ఇది ఒక ఇంటి సంగతి కాదు, సంఘం సంగతి.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పని వల్ల వచ్చే చర్మవ్యాధులను కూడా జాబితాలో పెట్టింది. ఆ చట్టం యజమాని కింద పనిచేసేవాళ్లకు ఉండేది. మన పొలంలో యజమానీ మనమే, కూలీ మనమే. పరిహారం ఎవరిని అడుగుతాం? అందుకే మనం అడగాల్సింది ప్రభుత్వాన్ని. విత్తనశుద్ధి చేసే తిప్పుడు డ్రమ్ము ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉండాలి. మందు ప్యాకెట్టుతో పాటు సరైన గ్లౌజు ఇవ్వాలి. చర్మానికి పడకపోవచ్చన్న హెచ్చరిక తెలుగులో, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. నెలకు ఒక రోజైనా చర్మ డాక్టరు మండలానికి రావాలి.

మనం చేసుకోవాల్సినవీ ఉన్నాయి. చేతులు పగిలిన కూలి మనిషిని పని నుంచి వెళ్లగొట్టకండి. తడి పని తీసేసి పొడి పని ఇవ్వండి. ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో ఆడవాళ్ల చేతులు ఒకసారి పట్టుకుని చూడండి. పొద్దుటి నుంచి ఈ చేతులతో ఏం చేశావని అడగండి. మేము ఆ ప్రశ్న ఆరేళ్లు ఆలస్యంగా విన్నాం. మీరు ఈ రాత్రే అడగండి.

మా ఇంటావిడ చేతులు పూర్తిగా మామూలయ్యాయని చెప్పం. చలికాలంలో ఇంకా కొంచెం పగులుతాయి. కానీ పోయిన ఏడు నుంచి సంగటి ముద్ద చేత్తోనే తింటోంది. విత్తనానికి మందు మేము పట్టిస్తున్నాం, గ్లౌజు వేసుకునే.