కారులో పసిబిడ్డ, చేతిలో చలాన్
(సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మమ్మల్ని పిల్లల చదువుల గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు ట్రాఫిక్ చలాన్ల గురించి మాట్లాడమన్నారు. కారణం మీకు తెలియనిది కాదు. మన మొహల్లాలో డ్రైవరు లేని గల్లీ లేదు. చలాన్ రాగానే ఆ కాగితమో, ఫోనులో వచ్చిన మెసేజో పట్టుకుని మా ఇంటి తలుపు కొడతారు. మేము వకీళ్ళం కాము, బడిపంతుళ్ళం. ఉన్నది చదివి చెప్పగలం, అర్జీ రాసి పెట్టగలం. అంతకు మించి మా దగ్గర ఏమీ లేదు.

కారులో పిల్లలను కూర్చోబెట్టే విషయంలో వచ్చే చలాన్ల సంగతే ఈ రోజు చెబుతాం. ఎందుకంటే అందరూ గందరగోళపడుతున్నది అక్కడే. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. కొత్త జుర్మానాలు ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అందులో 194బి అని ఒక సెక్షను చేర్చారు. దాని రెండో భాగం తాత్పర్యం ఇది: పద్నాలుగేళ్ళు నిండని బిడ్డను సీటు బెల్టుతో గాని, పిల్లల కోసం చేసిన ప్రత్యేక సీటుతో గాని కట్టి ఉంచకుండా బండి నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జుర్మానా. 'నడపనిచ్చినా' అన్నారు కనుక డ్రైవరు ఒక్కడే కాదు, బండి ఇచ్చిన సేఠ్ కూడా లెక్కలోకి వస్తాడు. ఇంకో మాట గమనించండి. 'బెల్టుతో గాని, ప్రత్యేక సీటుతో గాని' అని ఉంది. ఆ 'గాని' చిన్న మాటే, కానీ మా మొహల్లా డ్రైవరు ఒకాయనను అదే కాపాడింది.

ఆయన వలీమా విందు నుంచి కుటుంబంతో కారులో తిరిగి వస్తున్నాడు. వెనుక సీట్లో తొమ్మిదేళ్ళ మేనల్లుడు బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. చౌరస్తాలో ఆపిన ఉద్యోగి, "పిల్లల సీటు లేదు కదా" అని చలాన్ రాశాడు. ఈయన తెల్లవారి మా దగ్గరికి వచ్చి, "మాస్టర్ సాబ్, కట్టేసి చేతులు దులుపుకోనా?" అన్నాడు. మేము అడిగింది ఒకటే. బెల్టు నిజంగా ఉందా? ఉందన్నాడు. చలానుతో వచ్చిన ఫొటో పెద్దది చేసి చూశాం. పిల్లవాడి భుజం మీద నల్లటి పట్టీ కనపడుతూనే ఉంది. అయితే కట్టవద్దన్నాం. ఎందుకంటే కట్టడమంటే తప్పు ఒప్పుకొన్నట్లే. కట్టిన తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

ముందు ట్రాఫిక్ ఆఫీసుకు అర్జీ పెట్టాం. జవాబు లేదు. కేసు కోర్టుకు పోయింది. ఇటువంటి చిన్న కేసులలో సమను వస్తే వకీలు ద్వారా హాజరు కావచ్చు, స్వయంగానూ పోవచ్చు. 208వ సెక్షనులో ఆ మాట ఉంది. ఆయన స్వయంగానే పోయాడు. మేజిస్ట్రేటుగారి ముందు పెట్టింది రెండే కాగితాలు, ఒకటి ఫొటో, ఒకటి 194బి నకలు. గొంతు పెంచలేదు, ఆ ఉద్యోగిని ఒక్క మాట అనలేదు. మూడో వాయిదాకు కేసు కొట్టివేశారు. మూడు రోజుల కిరాయి పోయింది. వెయ్యి రూపాయలకోసం అంతకు రెట్టింపు పోగొట్టుకున్నాడని కొందరు నవ్వారు. మేము నవ్వలేదు. చేయని తప్పుకు ఒప్పుకోలు రాసివ్వడం ఆయనకు ఇష్టం లేదు, అంతే.

కెమెరా పంపే చలాన్ల గురించి కూడా ఒక మాట. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 167ఎ చేర్చారు. దాని ప్రకారం నోటీసు పదిహేను రోజులలోగా పంపాలి. అందులో తప్పు కనపడే స్పష్టమైన ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనును అతిక్రమించారో అన్నీ ఉండాలి. కాబట్టి మెసేజి రాగానే బెంబేలెత్తి డబ్బు పంపకండి, ముందు ఫొటో తెరిచి చూడండి. ఒక్కోసారి బండి మనదే కాదు, నంబరులో ఒక అంకె తేడా ఉంటుంది. మరికొన్నిసార్లు బండి మనం అమ్మేసిందే, కొన్నవాడు పేరు మార్పించుకోలేదు. ఇది మన వాళ్ళలో మరీ ఎక్కువ. ఉత్త కాగితం మీద సంతకం పెట్టి బండి ఇచ్చేస్తారు, తర్వాత ఏళ్ళ తరబడి చలాన్లు మోస్తారు. ఇక వకీలు కావాల్సివస్తే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉంది. బండి మీ పేరున ఉన్న అక్కచెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

రాయితీల సంగతి కూడా మా మనసులో ఉన్నది చెప్పేస్తాం. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పాత చలాన్ల మీద పెద్ద తగ్గింపులు ఇచ్చారు. బీదవానికి ఊరటే, కాదనము. కాని అప్పటినుంచి మన కుర్రాళ్ళు, "ఆగండి సాబ్, మళ్ళీ డిస్కౌంటు వస్తుంది" అని చలాన్లు కుప్ప పోస్తున్నారు. తప్పో ఒప్పో తేల్చుకుందామన్న ఆలోచనే పోయింది. ఇది మాకు నచ్చని విషయం.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. ఈయనా మనవాడే. ముందు సీట్లో భార్య, ఆమె ఒళ్ళో ఏడాది బిడ్డ. ఆమెకు బెల్టు ఉంది, బిడ్డకు లేదు. చలాన్ వచ్చింది. మొదటివాడు గెలిచాడని విని మా దగ్గరికి వచ్చాడు. "బిడ్డను కూడా బెల్టులోపలే పెట్టామని రాయండి సాబ్, ఫొటోలో సరిగా కనపడదు" అన్నాడు. మేము రాయలేదు. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా న్యాయం మీద నిలబడమని నిసా సూరాలో ఆజ్ఞ ఉంది. అది పిల్లలకు చెప్పే మేమే అబద్ధపు అర్జీ ఎట్లా రాస్తాం? ఆయన కోపగించుకుని పోయాడు. రెండు నెలలు సలాం కూడా లేదు.

అసలు ఆయన చెప్పినట్లు తల్లి బెల్టులోనే బిడ్డను పెట్టి ఉంటే ఇంకా ఘోరం. ఇది మేము బడిలో బోర్డు మీద వేసి చూపే లెక్క. గంటకు 50 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంలో ఉన్న కారు గోడకు తగిలి సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 140 కిలోల బరువుగా ముందుకు దూకుతుంది. ఏ తల్లి చేతులు పట్టుకోగలవు? బెల్టు ఇద్దరికీ కలిపి ఉంటే తల్లి బరువంతా బిడ్డ మీదే పడి, బిడ్డ మధ్యలో నలిగిపోతుంది. ప్రత్యేక సీట్లు వాడితే పసిబిడ్డల మరణాలు 71 శాతం దాకా తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బిడ్డ ముఖం వెనుకకు ఉండేటట్లు పెట్టే సీటును ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటులో ఎప్పుడూ బిగించవద్దు.

మొదటివాని మేనల్లుడి విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. ఖానూను ప్రకారం బెల్టు చాలు. కాని బెల్టు పెద్దల కొలతకు చేసినది. పొట్టి పిల్లవాడికి పై పట్టీ మెడమీదికి, కింది పట్టీ కడుపుమీదికి వస్తుంది. అందుకే ఇంగ్లండులో పన్నెండేళ్ళు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లల సీటు ఉండాలంటారు, లేకపోతే 500 పౌండ్ల వరకు జుర్మానా. అక్కడ కార్లు నడిపే మన కుర్రాళ్ళు సీటు లేనిదే బిడ్డను ఎక్కించరు. సెలవులకు ఇంటికి వస్తే అదే బిడ్డను నానా ఒళ్ళో ముందు కూర్చోబెడతారు!

కారు లేనివాళ్ళం, మాకెందుకీ గొడవ అనవద్దు. స్కూటరు ఉంది కదా! నాలుగేళ్ళు దాటిన ప్రతి బిడ్డకూ హెల్మెట్ ఉండాలి. అంతకంటే చిన్న బిడ్డను ఎక్కిస్తే నడిపేవానికి కట్టి ఉంచే పట్టీ ఉండాలి, తొమ్మిది నెలలు దాటితే తలకు సరిపోయే హెల్మెట్ కూడా ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2022లో ప్రకటించిన ఈ నిబంధన మరుసటి ఏడు అమలుకు వచ్చింది. అల్లాహ్ మీద భరోసా అంటారా, ఒంటెను కట్టి ఆ తర్వాతే భరోసా ఉంచాలన్న హదీసు మన మదర్సా పిల్లలందరికీ తెలుసు.

సలాం మానేసిన ఆ రెండో సోదరుడు జుర్మానా కట్టేశాడట. మొన్న మసీదు మెట్ల మీద ఎదురై, పాత సీటు ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు. దెబ్బతిన్న బండిలోంచి తీసినది మాత్రం కొనవద్దని చెప్పాం. మీలో ఎవరి ఇంట్లోనైనా బిడ్డ ఎదిగి ఖాళీగా పడి ఉన్న మంచి సీటు ఉంటే కార్యదర్శిగారికి చెప్పండి. చలాన్ కాగితాలు తెచ్చినవారు భోజనాల తర్వాత ఆ మూల బల్ల దగ్గరికి రండి. బండి ఆర్.సి., లైసెన్సు, ఫొటో వెంట ఉండాలి. ఇషా నమాజు దాకా మేము అక్కడే ఉంటాం.