ఆకలియు తృప్తియు: దేహములోని వార్తాహరులు
(గుణదలలో గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



వ్యాసమహర్షి కాశిలో నివసించు కాలమున, విశ్వేశ్వరుడు పెట్టిన పరీక్షవలన ఆయనకు భిక్ష లభింపదాయెను. ఎన్ని వాకిండ్ల నిలిచినను పిడికెడు అన్నము పెట్టినవారు లేరు. వేదములను విభజించినవాడు, భారతము చెప్పినవాడు, అట్టి మహాత్ముడు కాశీపురమునే శపింపబూనెను. అప్పుడు పార్వతీదేవి ఒక ముత్తైదువవలె వాకిట నిలిచి, మందలించి, శిష్యసమేతముగా పిలిచి భోజనము పెట్టెను. శ్రీనాథుడు ఈ కథను కాశీఖండమునందును భీమేశ్వరపురాణమునందును చెప్పియున్నాడు. విన్నవారు కోపము కూడదను నీతిని గ్రహింతురు. అది సరియే. కాని ఇందులో వేరొక ప్రశ్నయు కలదు. కడుపులో పుట్టిన ఆకలి వ్యాసునంతటివాని బుద్ధిని ఏ త్రోవన చేరి మార్చినది?

పూర్వులు ఆకలిని జఠరాగ్ని యనిరి. భీమసేనుని వృకోదరుడని పిలుచుటయు ఆ యగ్ని గొప్పతనమును తెలుపుటకే. ఉపమానము చక్కనిది. అయినను పొయ్యిలో కట్టెలు తరిగినవను సంగతి వంటవానికి ఎవరో చెప్పవలెను గదా! ఆ పనిని నాడులే చేయునని చాలకాలము పండితులు తలచిరి. 1902లో లండను నగరమున బేలిస్, స్టార్లింగ్ అను నిరువురు ఒక కుక్క చిన్నప్రేగులో కొంతభాగమునకు పోవు నాడులను తెంచి, అచ్చట ఆమ్లమును పోసిరి. నాడి లేకున్నను క్లోమము జీర్ణరసమును స్రవించెను. వార్త నెత్తుటి వెంట పోయినదని తేలెను. ఆ ద్రవ్యమునకు సెక్రెటిన్ అని పేరిడిరి. 1905లో స్టార్లింగ్ ఇట్టి వార్తాహరులకు హార్మోనులను సామాన్యనామమును వాడెను.

ఏలూరు కాలువ గట్టున పెరిగినవారికి ఈ సంగతి తెలియుట కష్టము గాదు. కాలువనీరు ఎన్నో పొలముల ప్రక్కగా పారును. తూము గల పొలమునకే అందును. అట్లే హార్మోను రక్తములో దేహమంతట తిరుగును. దానిని అందుకొను గ్రాహకము గల కణమే దాని మాట వినును. ఆకలికి సంబంధించిన హార్మోనులలో పెక్కు పెప్టైడుల జాతివి. మాంసకృత్తులు అమైనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన పొడవైన దండలు. పెప్టైడులు ఆ పూసలతోనే గ్రుచ్చిన పొట్టి దండలు. అక్షరము మారిన మాట మారినట్లు, పూస మారిన వార్త మారును.

భోజనవేళకు ముందు కడుపు పంపు వార్తకు గ్రెలిన్ అని పేరు. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా దీనిని కనుగొనిరి. ఇది 28 పూసల దండ. కడుపు వట్టిపడిన కొలది రక్తములో పెరుగును. భుజించిన పిమ్మట తగ్గును. వింత యేమనగా, ఇది వేళను గూడ ఎరుగును. ప్రతిదినము ఏ వేళకు అన్నము తినుట అలవాటో, ఆ వేళకు ముందే హెచ్చును. ఆ వేళ దాటిన పిమ్మట తినకున్నను కొంత తగ్గును. ఏకాదశి ఉపవాసమున్నవారికి మధ్యాహ్నము నకనకలాడిన ఆకలి సాయంకాలమునకు కొంత సద్దుమణగుటకు ఇది యొక కారణము.

ఇక తృప్తి సంగతి. ద్రౌపది పాత్ర నంటియున్న ఆకుకూర తునుకను కృష్ణుడు నోట వేసికొనగానే, ఏటిలో స్నానమాడుచున్న దుర్వాసుడును శిష్యులును కడుపు నిండి త్రేన్చిరని అరణ్యపర్వ కథ. అది దైవలీల. మానవమాత్రులకు ఆ వార్త ప్రేగులనుండి రావలసియున్నది. పప్పు, నెయ్యి, పాలు, మాంసము వంటివి చిన్నప్రేగు చేరగానే కొలిసిస్టోకైనిన్ అను పెప్టైడు వెలువడును. అది పిత్తాశయమును పిండును. వేగస్ అను పొడవైన నాడిద్వారా మెదడునకు "చాలు" అని కబురంపును. 1973లో అమెరికాలో గిబ్స్, యంగ్, స్మిత్ అనువారు దానిని ఎలుకలకు సూదితో ఎక్కించగా అవి తక్కువ తిని ఊరకుండెను. ప్రేగు దిగువ భాగమునుండి జీఎల్‌పీ-1, పీవైవై అనునవి బయలుదేరి కడుపు ఖాళీయగు వేగమును తగ్గించును. ఈ వార్తలు చేరుటకు కొంత వ్యవధి పట్టును. గబగబ మ్రింగువాడు కబురు రాకముందే మారువడ్డన అందుకొనును. నిదానముగా నమలి తినుమని పెద్దలు చెప్పుటలో ఈ యుక్తి యున్నది.

ఇవన్నియు చిట్టా వంటివి. ఏనాటి జమాఖర్చు ఆనాటిదే. మొత్తము నిలువను చూపు ఆవర్జా వేరొకటి కలదు. అదియే లెప్టిన్. 1994లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ బృందము దీనిని వెల్లడించెను. ఇది కొంత పొడవైన దండ. క్రొవ్వు కణములనుండి పుట్టును. క్రొవ్వు పెరిగిన కొలది ఇదియు పెరిగి, గాదె నిండినదని మెదడునకు తెలుపును. పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇరువురు పిల్లల వృత్తాంతమును 1997లో ఇంగ్లండు వైద్యులు ప్రకటించిరి. ఎంత తినినను వారి ఆకలి తీరకుండెను. వారిలో ఒక బిడ్డకు లెప్టిన్ సూదులు ఇయ్యగా ఆకలి అణగి, బరువు తగ్గినదని 1999లో తెలిపిరి. ఆ బిడ్డకు బుద్ధులు చెప్పినందువలన గాదు, లేని ద్రవ్యమును ఇచ్చినందువలన ఆకలి తీరినది.

తెలుగునాట జరిగిన ఒక సంగతి ఇంతకన్న విచిత్రము. 1918లో మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. అచ్చట తరతరములుగా పెంచుచున్న ఎలుకలలో 1996లో ఒక స్థూలకాయపు ఎలుక పుట్టెను. దాని వంశమును పెంచి చూడగా, ఆ లావు ఎలుకలు తమ సన్నని తోబుట్టువులకన్న మిక్కిలిగా తినుచుండెను, నీరు త్రాగుచుండెను. వాటికి సంతానము కలుగకుండెను. లెప్టిన్ తక్కువయై యుండునని తలచుట సహజము. రక్తము పరీక్షింపగా అది మిక్కుటముగా నుండెను! కబురు పోవుచునే యున్నది. వినవలసినవాడు వినుట లేదు. స్థూలకాయులైన మనుష్యులలో పెక్కుమంది స్థితియు ఇట్టిదే. కావుననే లెప్టిన్ సూది అందరి లావును తగ్గింపజాలక పోయినది.

ఈ వార్తలన్నియు ముఖ్యముగా చేరు కచ్చేరి మెదడు అడుగుననున్న హైపోథాలమస్. అచ్చట "తినుము" అను పక్షము ఒకటి, "చాలును" అను పక్షము ఒకటి కలవు. 1982లో పంది మెదడునుండి వేరుచేయబడిన న్యూరోపెప్టైడ్-వై మొదటి పక్షమునకు చెందినది. ఆకలి హెచ్చినపుడు ఈ పక్షమే గెలిచి, మనస్సును సైతము తన పనికి లోబరచుకొనును. 1944, 45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, 24 వారములు అరకడుపు భోజనము పెట్టించెను. వారు సద్వర్తనులు, స్వచ్ఛందముగా వచ్చినవారు. అయినను రేయింబవళ్లు అన్నముగూర్చియే తలచిరి; వంటపుస్తకములు చదువుచు కూర్చుండిరి; చీటికిమాటికి విసుగుకొనిరి; నవ్వు మరచిరి. వ్యాసుని కోపము ఇప్పుడు అర్థమగుచున్నది గదా!

కృష్ణకు ఆవలి గుంటూరు సీమలో నందన నామ సంవత్సరపు కరవును పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. 1832, 33 సంవత్సరములలో వచ్చిన ఆ కరవున సుమారు అయిదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది మరణించిరని అంచనా. ఆ వినాశము చూచిన పిమ్మట గదా బెజవాడకడ ఆనకట్ట పనులు సాగి 1855 నాటికి ముగిసినవి! ఆ ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. పొలము నూరేండ్లలో మారినది. దేహము మారలేదు. వేలయేండ్ల కరవులను ఎదిరించుటకు కూడబెట్టు గుణమునే అది ఇంకను పాటించుచున్నది. గాదె నిండినను దానికి నందన కరవు భయము పోలేదు. నేడు మధుమేహము ఇంటింట కనబడుటకు గల కారణములలో ఇదియు నొకటి.

1992లో జాన్ ఎంగ్ అను వైద్యుడు గిలా అను అమెరికా బల్లి విషములో జీఎల్‌పీ-1ను పోలిన పెప్టైడును కనుగొనెను. దేహములోని జీఎల్‌పీ-1 కొలది నిమిషములలోనే నశించును. బల్లిది ఎక్కువసేపు నిలుచును. దానినుండి 2005లో మధుమేహపు మందు వచ్చినది. వారమునకొక సూదిగా తీసికొను సెమాగ్లూటైడు 2017లో మధుమేహమునకు, 2021లో స్థూలకాయమునకు అమెరికాలో అనుమతి పొందినది. 2025లో బరువు తగ్గించు ఇట్టి వారపు సూదులు భారతదేశపు మందుల షాపులకును వచ్చినవి. ఇవి మేలు చేయునవే. కాని వికారము, వాంతులు కలుగవచ్చును. మానిన పిమ్మట పోయిన బరువు తరచుగా తిరిగివచ్చును. వైద్యుని సలహా లేక పొరుగువాని మాట విని సూది వేయించుకొనుట ప్రమాదము.

మందు అక్కరలేని పనులు కొన్ని కలవు. వేళకు భుజించుట, నిదానముగా నమలుట, పప్పు కూరలు తగినంత వడ్డించుకొనుట, చాలినంత నిద్రపోవుట. నిద్ర తగ్గినవారిలో గ్రెలిన్ పెరిగి లెప్టిన్ తగ్గినట్లు కొన్ని పరీక్షలలో కనబడినది.

అన్నిటికన్న ముఖ్యమైనది వేరొకటి. పంక్తిలో మారన్నమడిగిన ఆడపిల్లను తిండిపోతని వెక్కిరించు ఇండ్లు నేటికిని కలవు. లావుగానున్న బాలుని బడిలో పేర్లు పెట్టి పిలుచుటయు కలదు. ఆ బిడ్డల నెత్తుటిలో ఏ వార్త పోవుచున్నదో, ఏ తూము మూసికొనియున్నదో చూచినవారెవరు? మనోనిగ్రహము గొప్పదే. అందరికి ఒకే బరువు మోయు పని పడలేదు గనుక, ఒకే త్రాసున అందరిని తూచరాదు. కాశిలో పార్వతీదేవి మందలింపుతో ఆగలేదు. విస్తరి వేసి వడ్డించెను. ఆకలిగొన్నవానికి ముందు అన్నము, అటుపిమ్మటనే నీతి. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా విజ్ఞానమును వడ్డించుచున్నది. ఆ ఆకలి యొక్కటి మాత్రము గ్రామమున ఎన్నటికిని చల్లారకుండునుగాక!