మూడు వేలకి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారట, తీసుకోవాలా? మామూలు ప్రైవేట్ కాలేజీ బీటెక్‌లకి ఉద్యోగాల సంగతి

 

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. పంపిన తమ్ముడి పేరు చెప్పను, కాలేజీ పేరు కూడా చెప్పను. మెసేజ్ మాత్రం ఇది. "అన్నా, నేను సీఎస్ఈ థర్డ్ ఇయర్. మాది టాప్ కాలేజీ కాదు, అలా అని మరీ తీసిపారేసేది కూడా కాదు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ పెట్టకపోతే క్రెడిట్స్ రావంటున్నారు. ఒకాయన 3 వేలు కడితే సర్టిఫికెట్, ప్రాజెక్ట్ రిపోర్ట్ రెండూ ఇస్తానన్నాడు. మా క్లాసులో సగం మంది కట్టేశారు. శుక్రవారం లోపు చెప్పాలి. కట్టమంటావా?"

దీనికి రెండు ముక్కల్లో జవాబు ఇచ్చేయొచ్చు. కానీ ఈ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది. "ఇలాంటి కాలేజీలో చదివితే అసలు ఉద్యోగం వస్తుందా?" అని. ముందు దాని గురించి మాట్లాడుకుందాం. సర్టిఫికెట్ సంగతి తర్వాత చెప్తాను. ఎందుకంటే ఆ సర్టిఫికెట్ నేను కూడా కొన్నాను.

ముందు ఫ్లెక్సీ లెక్క. మీ కాలేజీ గేటు దగ్గర చూసే ఉంటారు. "హయ్యెస్ట్ ప్యాకేజ్ 44 లక్షలు, యావరేజ్ ఏడున్నర లక్షలు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నేను ఒక ఉదాహరణ చెప్తా. పదిమందికి ఉద్యోగాలు వచ్చాయనుకోండి. ఒకరికి 44 లక్షలు, మిగతా తొమ్మిది మందికి తలా మూడున్నర లక్షలు. మొత్తం కలిపితే 75 లక్షల 50 వేలు. పదితో భాగించండి. యావరేజ్ ఏడు లక్షల 55 వేలు! ఫ్లెక్సీలో ఉన్నది అబద్ధం కాదు. కానీ ఆ పదిమందిలో ఏడున్నర లక్షలు వచ్చినవాడు ఒక్కడూ లేడు.

అందుకే మీడియన్ అడగాలి. జీతాలన్నీ తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పెడితే మధ్యలో వచ్చేది మీడియన్. ఇందాకటి ఉదాహరణలో అది మూడున్నర లక్షలు. మీకు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న జీతం అదే.

ఇంకో రెండు కిటుకులు ఉంటాయి. ఒకటి, "1,200 ఆఫర్లు" అంటారు. ఒకే అమ్మాయికి నాలుగు ఆఫర్లు వస్తే అవి నాలుగుగా లెక్క. ఉద్యోగం వచ్చింది మాత్రం ఒక్కరికే. రెండు, "95 శాతం ప్లేస్‌మెంట్స్" అంటారు. ఎవరిలో 95 శాతం? చాలాచోట్ల "ఎలిజిబుల్" వాళ్లలో. అంటే టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం ఉండి, బ్యాక్‌లాగ్ లేనివాళ్లలో. ఒక సబ్జెక్ట్ మిగిలిపోయిన మీ ఫ్రెండ్ ఆ లెక్కలోనే లేడు.

మరి నిజమైన నంబర్ ఎక్కడ దొరుకుతుంది? ఎన్ఐఆర్ఎఫ్ పేరు వినే ఉంటారు. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న కాలేజీ ర్యాంకులు. ఆ ర్యాంకుల కోసం కాలేజీలు డేటా ఇవ్వాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకి వెళ్లారు, ఇవన్నీ అందులో ఉంటాయి. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్ఐఆర్ఎఫ్ అనే లింక్ ఏదో ఒక మూల ఉంటుంది, వెతికి ఆ పీడీఎఫ్ తెరవండి. అది కూడా కాలేజీ ఇచ్చిన లెక్కే, కానీ ప్రభుత్వానికి ఇచ్చిన లెక్క. ఫ్లెక్సీని, దాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. చేరినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది, మీడియన్ ఎంత, ఈ మూడు నంబర్లు చాలు. ఇప్పుడు కౌన్సెలింగ్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, ఆప్షన్లు పెట్టే ముందు ఇది తప్పకుండా చూడండి.

సరే. ఇలాంటి కాలేజీలకి ఎవరొస్తారు? ఎక్కువగా సర్వీస్ కంపెనీలు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, కాగ్నిజెంట్, క్యాప్‌జెమిని ఇలాంటివి. వీటిలో మామూలు ఫ్రెషర్ ప్యాకేజ్ మూడున్నర లక్షల చుట్టూ ఏళ్లుగా అక్కడక్కడే తిరుగుతోంది. టీసీఎస్ నింజా అయితే 3.36 లక్షలు. అంటే కాగితం మీద నెలకి 28 వేలు. పీఎఫ్ లాంటివి పోగా చేతికి 25 వేల లోపే వస్తుంది.

పైగా వాళ్లు ప్రతి ఏడాదీ ఒకేలా తీసుకోరు. 2021-22లో లక్షల్లో తీసుకున్నారు. మా జూనియర్లు మూడేసి ఆఫర్లు పట్టుకుని ఏది వదలాలా అని ఆలోచించారు. 2023-24 ఆర్థిక సంవత్సరానికి వచ్చేసరికి టీసీఎస్‌లో మొత్తం ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో 25 వేలకు పైగా తగ్గింది. ఆ ఏడాది పాసైనవాళ్లు తెలివి తక్కువవాళ్లా? కాదు. టైమ్ బాలేదు, అంతే. కాబట్టి మీ సీనియర్ బ్యాచ్‌ని చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తా. ఒకే కంపెనీలో ఫ్రెషర్లకి రెండు మూడు తలుపులు ఉంటాయి. టీసీఎస్ ఎన్‌క్యూటీ పరీక్షే తీసుకోండి. నింజా అయితే 3.36 లక్షలు, డిజిటల్ అయితే 7 లక్షలు, ప్రైమ్ అంతకంటే ఎక్కువ. ఇన్ఫోసిస్‌లో కూడా మామూలు సిస్టమ్ ఇంజినీర్‌కి, స్పెషలిస్ట్ ప్రోగ్రామర్‌కి జీతంలో రెట్టింపు పైనే తేడా. అదే కాలేజీ, అదే డిగ్రీ. తేడా ఎక్కడొస్తుందంటే కోడింగ్ ప్రాబ్లమ్స్ దగ్గర. అంటే మీ కాలేజీ ర్యాంక్ మార్చడం మీ చేతిలో లేదు కానీ, మూడున్నరకీ ఏడుకీ మధ్య ఉన్న తేడాలో చాలా భాగం మీ చేతిలో ఉంది. థర్డ్ ఇయర్ మొదట్లో మొదలుపెట్టి రోజుకి రెండు ప్రాబ్లమ్స్ చేస్తే, ఏడాదికి ఏడు వందలు దాటతాయి. అందులో సగం చేసినా మీ క్లాసులో చాలామంది కంటే ముందుంటారు.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి.

నాది ఈసీఈ. 2019 బ్యాచ్. ఇలాంటి మామూలు ప్రైవేట్ కాలేజీయే. మా నాన్న ఒంగోలు డిపోలో కండక్టర్. నా ఫీజులకి సీసీఎస్‌లో లోన్ తీసుకున్నాడు. ఆర్టీసీ వాళ్ల పిల్లలకి సీసీఎస్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. థర్డ్ ఇయర్ సెలవుల్లో, నాలుగు వేలు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని ఒకళ్లు కాలేజీకి వచ్చారు. నేను ఇంటికి ఫోన్ చేసి "ట్రైనింగ్ ఫీజు నాన్నా" అన్నాను. రెండు రోజుల్లో డబ్బులు వచ్చాయి. డబుల్ డ్యూటీ చేశాడని తర్వాత అమ్మ చెప్పింది.

ట్రైనింగ్ లేదు, ఏమీ లేదు. సర్టిఫికెట్ మీద మాత్రం "ఎనిమిది వారాలు, మెషిన్ లెర్నింగ్" అని రాసి ఉంది. దాన్ని రెజ్యూమెలో పైనే పెట్టాను.

ఫైనల్ ఇయర్‌లో క్యాంపస్‌కి ఒక కంపెనీ వచ్చింది. రాత పరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూలో కూర్చున్నాయన తెలుగాయనే. "ప్రాజెక్ట్ గురించి చెప్పు" అన్నాడు. బట్టీ పట్టింది గడగడా చెప్పాను. "డేటా ఎక్కడి నుంచి తెచ్చారు?" అన్నాడు. ఏదో చెప్పాను. "అందులో ఎన్ని ఖాళీలు ఉన్నాయి, వాటిని ఏం చేశారు?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆయన కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి అన్నాడు, "బాబూ, పొద్దున్నుంచి ఈ ప్రాజెక్ట్ నాకు చెప్పినవాళ్లలో నువ్వు ఆరోవాడివి."

ఆ ఆరుగురిలో ఎవ్వరికీ రాలేదు. రెజ్యూమెలో ఆ లైన్ లేకపోతే నన్ను సీ లాంగ్వేజ్‌లో నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. అవి నాకు వచ్చు! ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి పడుకున్నాను, భోజనానికి కూడా లేవలేదు.

మరి తర్వాత ఉద్యోగం ఎలా వచ్చింది? పెద్ద కథేం కాదు. మా కాలేజీలో 75 శాతం అటెండెన్స్ రూల్ ఉండేది. ఇంకా ఎన్ని క్లాసులు డుమ్మా కొట్టొచ్చో లెక్కేసే చిన్న వెబ్ పేజీ ఒకటి సరదాకి చేశాను. హాస్టల్ అంతా వాడారు. సరిగ్గా సెమిస్టర్ పరీక్షల ముందు అది ఆగిపోయింది. అందరూ నా రూమ్ ముందు నిలబడ్డారు. రాత్రంతా కూర్చుని బాగుచేశాను. పాసయ్యాక మాధాపూర్‌లో పదిహేను మంది ఉన్న ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే, నలభై నిమిషాలు దాని గురించే అడిగారు. ఎందుకు ఆగింది, ఎలా కనిపెట్టావు, మళ్లీ ఆగకుండా ఏం చేశావు? ఒక్కదానికీ తడుముకోలేదు. ఎందుకంటే అదంతా నేను చేసిన పనే కదా. ఆరు నెలలు ఇంటర్న్‌షిప్, నెలకి 8 వేలు స్టైపెండ్. ఆ తర్వాత అక్కడే ఉద్యోగం.

నిజమైన ఇంటర్న్‌షిప్‌కి, కొనుక్కున్నదానికి తేడా పట్టుకోవడం తేలిక. మూడు ప్రశ్నలు వేసుకోండి. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? మీరు కడుతుంటే అది కోర్సు, ఇంటర్న్‌షిప్ కాదు. నా పనిని చూసి తప్పులు చెప్పే మనిషి ఒకరు ఉన్నారా? నేను చేసింది ఇంకెవరైనా వాడతారా? ఈ రెండింటికీ "లేదు" అని వస్తే వదిలేయండి.

అలాంటిది ఎలా వెతకాలి? లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీకి వెళ్తే ఆలమ్నై అని ఉంటుంది. రెండు మూడేళ్ల కింద పాసైన మీ సీనియర్లు ఎక్కడ పనిచేస్తున్నారో కనిపిస్తుంది. చిన్న కంపెనీల్లో ఉన్నవాళ్లని ముందు అడగండి. "అన్నా, జాబ్ ఉంటే చెప్పండి" అని పంపితే ఎవరూ జవాబివ్వరు. "నేను ఫలానా చేశాను, లింక్ ఇదీ, మీ టీమ్‌లో ఇంటర్న్ అవసరం ఉంటే ఒకసారి చూడండి" అని నాలుగు లైన్లు రాయండి. యాభై మందికి పంపితే ఐదుగురు మాట్లాడతారు. అది మామూలే, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఈసీఈ, ఈఈఈ, మెకానికల్, సివిల్ వాళ్లు ఎన్ఏటీఎస్ పోర్టల్ చూడండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ లాంటి సంస్థలు ఇలా గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లని తీసుకుంటాయి. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకి కనీస స్టైపెండ్ నెలకి 9 వేలు అని పెట్టారు. పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామని గ్యారంటీ లేదు, ఆ ఆశతో వెళ్లొద్దు. కానీ అది నిజమైన పని, ఎవరూ వేలెత్తి చూపలేని సర్టిఫికెట్.

ఇంకొక్క మాట. ఈ మూడు వేల సర్టిఫికెట్ అక్కడితో ఆగదు. పాసై ఏడాది ఖాళీగా ఉంటే, అమీర్‌పేటలోనో కేపీహెచ్‌బీలోనో ఒకాయన కలుస్తాడు. "రెండు లక్షలివ్వు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తా" అంటాడు. ఇంకొకాయన "బ్యాక్‌డోర్‌లో ఆఫర్ లెటర్ ఇప్పిస్తా" అంటాడు. ఇప్పుడు కంపెనీలు మీ యూఏఎన్ అడుగుతున్నాయి. పీఎఫ్ రికార్డులో ఎక్కడ ఎన్నాళ్లు చేశారో కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికి, ఒక్క రోజులో ల్యాప్‌టాప్ ఇచ్చేసి బయటికొచ్చినవాళ్లు నాకు తెలుసు. ఇంట్లో అప్పు అలాగే ఉంటుంది. పైగా ఆ మూడేళ్ల అబద్ధాన్ని దాచాలంటే ఇంకో అబద్ధం కావాలి.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. కట్టొద్దు. శుక్రవారం లోపు నీ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ చూసే సార్‌ని కలువు. "కంపెనీ దొరకలేదు సార్, కాలేజీలోనే ఎవరైనా సార్ దగ్గర ప్రాజెక్ట్ చేస్తే ఒప్పుకుంటారా" అని అడుగు. కుదరకపోతే మీ ఊళ్లో మెడికల్ షాపుకో, మిల్లుకో, ఆర్‌వో వాటర్ ప్లాంటుకో వాళ్లకి పనికొచ్చేది ఏదైనా చేసిపెట్టి, వాళ్ల దగ్గర లెటర్ తీసుకుంటే చెల్లుతుందేమో అడుగు. పేరు చిన్నదే కావచ్చు. కానీ ఇంటర్వ్యూలో ఎవరు ఏం అడిగినా చెప్పడానికి నీ దగ్గర మాట ఉంటుంది.

ఇక నా సర్టిఫికెట్. అది ఇంకా ఒంగోల్లో మా ఇంట్లో బీరువాలో ఉంది. మా నాన్న దాన్ని లామినేషన్ చేయించాడు. చుట్టాలొస్తే తీసి చూపించేవాడు. అది కొన్నదని ఇన్నేళ్లలో ఆయనకి చెప్పలేదు. నా వీడియోలన్నీ చూస్తాడు కాబట్టి, ఇది కూడా చూస్తాడు. రేపు పొద్దున ఫోన్ వస్తుంది. ఏమంటాడో తెలీదు. కానీ ఇది చెప్పకుండా మీకు "కట్టొద్దు" అని చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

మీ కాలేజీ ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్‌లో మీడియన్ ఎంత ఉందో చూసి నాకు చెప్పండి. వచ్చే వారం, సీనియర్లకి పంపే ఆ నాలుగు లైన్ల మెసేజ్ మీరు రాసినవే తీసుకుని ఇక్కడే కూర్చుని సరిదిద్దుదాం. ఉంటాను మరి. బాగా చదవండి, టైముకి తినండి.